కొండ మీది పచ్చిక నిలవాలంటే కింది పొలంలో ఏం మారాలి?

నల్లరేగడి రైతు (యడ్లపాడు వైపు) – ఫిబ్రవరి 8, ఉదయం 6:50

సభ్యులందరికీ నమస్కారం. కొండవీటి కొండల వరుసకు ఆనుకుని ఉన్న ఒక చిన్న ఊరు నాది. ఆరెకరాల నల్లరేగడిలో మిరప, శనగ, కొంత జొన్న పండిస్తున్నాను. కొన్నేళ్లుగా మనసులో నలుగుతున్న విషయాన్ని ఇవాళ మీ ముందు పెడుతున్నాను.

మా చిన్నతనంలో శ్రావణం వచ్చేసరికి ఊరి వెనక కొండవాలు మోకాలెత్తు గడ్డితో నిండిపోయేది. మందలు పొద్దున్నే ఎక్కి, చీకటి పడేలోగా దిగేవి. మాఘమాసం దాటి చేలు ఖాళీ కాగానే అవే మందలు పొలాల్లోకి వచ్చేవి. శనగ పీకిన చేలో మా నాన్నగారు మంద కట్టించేవారు. కాపరులు తడికలతో దొడ్డి నిలిపి, రాత్రంతా జీవాలను అందులో ఉంచి, తెల్లవారగానే తడికలు పీకి పక్కకు జరిపేవారు. మరుసటి ఏడు పైరు ఆ మేరకు చదరాలు చదరాలుగా నల్లటి పచ్చదనంతో లేచేది. ఏ రాత్రి దొడ్డి ఎక్కడ ఉందో పైరును చూసి చెప్పగలిగేవాళ్లం.

మొన్న బుధవారం అదే వాలు ఎక్కాను. సగం దారిలోనే పులికంప (లాంటానా) భుజాలెత్తున అడ్డం వచ్చింది. దాని నీడలో నేల బోసిగా, పలుగురాళ్లు తేలి ఉంది. పాత మేత బాట పక్కన మాత్రం కొన్ని గడ్డి దుబ్బులు మిగిలాయి. ఒక దుబ్బును వేళ్లతో విడదీసి చూస్తే పైన ఏళ్ల తరబడి ఎండిన గడ్డి పొరలుగా పేరుకుని ఉంది, అడుగున ఒక్క పిలక తెల్లగా పాలిపోయి కనిపించింది. ఊళ్లో ఒకప్పుడు పదిహేను మందలు ఉండేవి, ఇప్పుడు మూడే ఉన్నాయి. వాటిని తోలే ముగ్గురిలో చిన్నవాడికే యాభై దాటాయి.

మందలు తగ్గినా కొండ బాగుపడలేదు. ఐక్యరాజ్యసమితి 2026ను పచ్చిక బయళ్ల, పశుపోషకుల అంతర్జాతీయ సంవత్సరంగా ప్రకటించింది కనుక కాపరుల గురించి ఈ ఏడు చాలామంది మాట్లాడతారు. నేను అడగదలచినది కింద సేద్యం చేసే నాలాంటివాడి సంగతి. మా పొలాల్లో ఏది మార్చుకుంటే పైన పచ్చిక తిరిగి వస్తుంది?

తెనాలి తమ్ముడు – ఫిబ్రవరి 8, ఉదయం 9:15

అన్నగారూ, మీ బాధ అర్థమైంది కానీ నాకు ఒక సందేహం ఉంది. గొర్రెలూ మేకలూ కొండలను బోడి చేస్తాయని చిన్నప్పటి నుంచి చదువుకున్నాం. మందలను పూర్తిగా ఆపి, కంచె వేసి, మొక్కలు నాటితే కొండకు మేలు జరగదా?

విశ్రాంత అటవీ ఉద్యోగి (గుంటూరు) – ఫిబ్రవరి 8, మధ్యాహ్నం 2:30

తమ్ముడూ, ఉద్యోగంలో చేరిన కొత్తలో నేనూ అలాగే అనుకున్నాను, కంచెలు వేయించాను, మొక్కలు నాటించాను. కొన్నిచోట్ల ఫలితం వచ్చింది, కొన్నిచోట్ల రాలేదు. ఎందుకు రాలేదో తెలుసుకోవడానికి చాలా ఏళ్లు పట్టింది.

ఉత్తరాఖండ్‌లోని పూల లోయను 1982లో జాతీయ ఉద్యానవనంగా ప్రకటించి, అక్కడ తరతరాలుగా సాగిన మేతను నిలిపివేశారు. ఆ తర్వాత మనిషెత్తు పెరిగే ఒక మొక్క లోయలో గుంపులుగా వ్యాపించి, పూలమొక్కలకు వెలుతురు అందకుండా చేయసాగింది. ఇప్పుడు దానిని కూలీలతో పీకించవలసి వస్తోంది. మేత ఆపడం ఒక్కటే దానికి కారణమా అన్న విషయంలో శాస్త్రజ్ఞుల మధ్య వాదం ఉంది. అయినా, పశువును తీసేస్తే పచ్చిక తనంతట తాను పచ్చికగానే ఉండిపోతుందనే నమ్మకం సరికాదని మాత్రం ఆ లోయ చూపించింది.

దీనికి ఎదురు ఉదాహరణ కూడా చెప్పాలి. హర్యానాలో శివాలిక్ కొండల అంచున సుఖోమాజ్రి అనే ఊరుంది. అక్కడి కొండవాలు మితిమీరిన మేతతో కోసుకుపోయి, ఆ మట్టి చండీగఢ్‌లోని సుఖ్నా చెరువును పూడ్చసాగింది. 1970ల్లో అక్కడ చిన్న మట్టికట్టలు కట్టి, నిలిచిన నీటిలో భూమి లేని కుటుంబాలకు సైతం వాటా ఇచ్చారు. నీరు అందరిదీ అయినప్పుడు కొండను కాపాడవలసిన పని కూడా అందరిదీ అయింది. ఊరివారు తమంతట తాము మందలను ఆపి, గడ్డిని కోసి తెచ్చి ఇంటి దగ్గరే పశువులకు వేశారు. కంచె లేకుండానే వాలు గడ్డితో కప్పుకుంది.

కాబట్టి మేపాలా, మాన్పాలా అని ఒక్క మాటలో తేల్చలేం. ఏ వాలు, ఏ నెల, ఎన్ని జీవాలు, ఎన్ని రోజులు అనే లెక్క ఊరి చేతిలో ఉందా లేదా అన్నది చూడాలి. మా కాలంలో ఆ లెక్క ఊరి చేతిలోంచి జారిపోయింది. అందులో మా శాఖ పాత్ర కూడా ఉందని ఒప్పుకుంటున్నాను.

వృక్షశాస్త్రం మేడమ్ (విజయవాడ) – ఫిబ్రవరి 8, రాత్రి 8:05

రైతుగారు దుబ్బును విడదీసి చూసిన తీరు నాకు ఎంతో నచ్చింది, ఎందుకంటే మొత్తం విషయం ఆ దుబ్బులోనే ఉంది.

చెట్టుకు, పొదకు పెరిగే మొన కొమ్మ చివర ఉంటుంది. గడ్డికి అది నేలను ఆనుకుని, మొదట్లో దాగి ఉంటుంది. అందువల్ల జీవం పైభాగాన్ని కొరికినా గడ్డి తిరిగి లేస్తుంది, అదే దెబ్బకు పొద వెనకబడుతుంది. మితంగా మేసిన చోట గడ్డిదే పైచేయి అవుతుంది. అసలు మేయని చోట ఎండిన ఆకు పేరుకుని కొత్త పిలకకు వెలుతురు అందదు, దుబ్బు లోపలినుంచి చచ్చిపోతుంది, ఖాళీ అయిన జాగాలో పక్షులు పులికంప గింజలు వేసి పోతాయి. రైతుగారు చూసిన తెల్లటి పిలక అలా ఊపిరాడక మిగిలినదే.

అయితే గడ్డికి ఏడాదిలో బలహీనమైన రోజులు ఒక విడత వస్తాయి. తొలకరి పడగానే లేచే లేత పిలకలు తమ ఆకుల శక్తితో పెరగవు. వేరులో, మొదట్లో ముందటి ఏడు దాచుకున్న నిల్వను ఖర్చు పెట్టి పెరుగుతాయి. ఆకులు విచ్చుకుని ఆ నిల్వ తిరిగి నిండడానికి సుమారు ఆరు వారాలు పడుతుంది. ఆ లోపల మంద ఎక్కి పదే పదే కొరికితే రెండు మూడేళ్లలో మంచి బహువార్షిక గడ్డి అంతరించి, జీవాలు ముట్టని కలుపు మిగులుతుంది. తొలకరిలో ఎక్కిన కొద్దిపాటి జీవాలు చేసే నష్టం శ్రావణంలో ఎక్కిన పెద్ద మంద కూడా చేయకపోవచ్చు. నా చదువులో ఇంతకంటే ముఖ్యమైన మాట ఈ చర్చకు మరొకటి లేదు.

తమ్ముడు అడిగిన మొక్కల సంగతి. గడ్డి కొండను చూసి ఖాళీ కొండ అనుకోవడం మనకు బ్రిటిష్ వారి కాలం నుంచి వచ్చిన అలవాటు. నీలగిరుల్లో తోడా తెగవారి గేదెలు మేసే పచ్చిక కొండలను ఖాళీ భూములుగా భావించి, యూకలిప్టస్, వాటిల్ చెట్లను వేల ఎకరాల్లో నాటారు. వాటిల్ తనంతట తాను వ్యాపించి, మిగిలిన పచ్చికను, దానితోపాటు ఊటలను మింగసాగింది. ఇప్పుడు వాటిని తొలగించి పచ్చికను పునరుద్ధరించడానికి అక్కడ పని జరుగుతోంది. మన దస్త్రాల్లో కూడా ఇలాంటి నేలకు "బంజరు" అనే పేరే ఉంది. మంద ఆరు నెలలు బతికే నేల బంజరు ఎలా అవుతుందో ఆలోచించండి.

కృష్ణలంక కుర్రాడు (ప్రస్తుతం బెర్న్) – ఫిబ్రవరి 9, తెల్లవారుజామున 3:40

మేడమ్‌గారికి, పెద్దలకు నమస్కారం. విజయవాడలో పుట్టి పెరిగి, ఉద్యోగరీత్యా ఆరేళ్లుగా స్విట్జర్లాండ్‌లో ఉంటున్నాను. ఇక్కడ జూన్‌లో ఆవులు ఎత్తైన కొండ పచ్చికలకు ఎక్కి, సెప్టెంబరులో దిగుతాయి. ఆ పచ్చికలు సహజంగా ఏర్పడ్డాయని మొదట్లో అనుకున్నాను. చాలా చోట్ల వందల ఏళ్లుగా మేపడం, కోయడం, రాళ్లు ఏరడం వల్ల నిలిచిన నేలలవి. మేత ఆగిన వాలులో ముందు పొదలు, తర్వాత అడవి వచ్చేస్తాయి. కోయకుండా, మేయకుండా వదిలిన పొడవాటి గడ్డి శీతకాలంలో నేలకు పడుకుంటే దాని మీద పేరుకున్న మంచు సులువుగా జారుతుందని కూడా ఇక్కడి వారు చెబుతారు.

మన చర్చకు పనికివచ్చేది ఇక్కడి పాత కట్టుబాటు ఒకటి. టోర్బెల్ అనే కొండ ఊరివారు 1517లోనే ఒక నియమం రాసుకున్నారు. చలికాలంలో ఎన్ని ఆవులను మేపగలడో, అన్ని ఆవులనే ఏ పౌరుడైనా వేసవిలో ఉమ్మడి కొండకు తోలాలి, అంతకు మించి తోలితే జరిమానా కట్టాలి. 2009లో ఆర్థికశాస్త్రంలో నోబెల్ బహుమతి అందుకున్న ఎలినార్ ఆస్ట్రమ్ ఉమ్మడి వనరుల గురించి రాసినప్పుడు ఈ ఊరినే ఉదాహరణగా తీసుకున్నారు. కొండ మీద కాపలా పెట్టనవసరం లేకుండా, కింద ఎవరి గడ్డివాము ఎంత ఉందో చూస్తే కొండ మీది లెక్క తేలిపోతుంది.

ఇప్పుడు ఇక్కడి ప్రభుత్వం కొండ మేతకు సొమ్ము చెల్లిస్తుంది. ఒక ఆవు వంద రోజులు మేస్తే ఒక ప్రమాణంగా లెక్కించి, ఏ కొండకు ఎన్ని ప్రమాణాలో ముందే నిర్ణయిస్తారు. ఆ లెక్కకు మించి తోలినా, బాగా తక్కువ తోలినా చెల్లింపు తగ్గుతుంది. తక్కువ మేపడం కూడా నష్టమేనని ఒప్పుకున్న ప్రభుత్వ విధానాన్ని నేను ఇక్కడే మొదటిసారి చూశాను.

నల్లరేగడి రైతు – ఫిబ్రవరి 9, ఉదయం 6:20

బాబూ, ఆ 1517 నాటి నియమం చదివి రాత్రి నాకు నిద్ర పట్టలేదు. మనకు చలికాలం లెక్క కుదరదు, మనకు గడ్డుకాలం వేసవి, దాని వెంటే తొలకరి. మేడమ్‌గారు చెప్పిన ఆరు వారాలను మన కార్తెల్లో చూస్తే మృగశిర, ఆరుద్ర, పునర్వసు మూడూ కలిసి సరిగ్గా సరిపోయాయి. మా కాపరి పెదనాన్నను అడిగితే, తమ తాతల నాడు పునర్వసు వెళ్లేదాకా మంద కొండ ఎక్కేది కాదని చెప్పాడు. అంతవరకు జీవాలు ఎక్కడ మేసేవని అడిగాను. "మీ బీళ్లలోనే మేసేవిరా" అన్నాడు.

ఆ బీళ్లు ఇప్పుడు లేవు. ప్రతి సెంటూ దున్నేశాం. కొంత పొగాకుకు పోయింది, ఆ తర్వాత పత్తికి, ఇప్పుడు మిరపకు. గట్ల మీద గడ్డిని కూడా కలుపు మందుతో మాడ్చేస్తున్నాం. ఎక్కడా పచ్చిపోచ లేక, ఆకలితో ఉన్న మందను కాపరి తొలి వాన పడిన నాలుగో రోజునే కొండకు తోలుతున్నాడు. కొండ పాడైన దారి నా గట్టు మీదుగానే వెళ్లిందని ఇప్పుడు తెలిసింది.

జీవాల డాక్టరు (నరసరావుపేట) – ఫిబ్రవరి 9, రాత్రి 9:30

రైతుగారి మాటకు పశువైద్యం తరఫునుంచి నా వంతు బలం చేరుస్తాను. 2019 పశుగణన ప్రకారం మన రాష్ట్రంలో గొర్రెలే సుమారు 1.76 కోట్లు ఉన్నాయి. వీటితో మాకు ఎక్కువ కష్టం వచ్చేది ఈ తొలకరి రోజుల్లోనే. ఎండు మేతకు అలవాటైన జీవం ఒక్కసారిగా లేత గడ్డిని కడుపునిండా మేస్తే చిటుక రోగం వస్తుంది. సాయంత్రం బాగానే ఉన్న పొట్టేలు తెల్లవారేసరికి చచ్చి పడి ఉంటుంది. అందుకే వానలకు ముందే టీకా వేయించుకోమని చెబుతుంటాం. కొండకు ఆరు వారాలు విశ్రాంతి ఇవ్వడం గడ్డికి ఎంత మేలో, మేత మార్పు నెమ్మదిగా జరగడం వల్ల జీవానికి కూడా అంతే మేలు.

ఇక ఆ ఆరు వారాలకు మేత ఎక్కడినుంచి తేవాలి? గుంటూరు కేంద్రంగా పనిచేసే రైతు సాధికార సంస్థ 2016 నుంచి నడిపిస్తున్న ప్రకృతి వ్యవసాయంలో, వానలకు ముందే పొడి దుక్కిలో నవధాన్యాలు చల్లే పద్ధతి ఉంది. విత్తనాలకు మట్టి, ఘనజీవామృతం (ఆవుపేడతో చేసే పొడి ఎరువు) పట్టించి మే నెలలో చల్లితే దొరికిన చిన్న జల్లుకే మొలుస్తాయి. ఆ పైరును నేలలో కలియదున్నవచ్చు, పశువులకు మేపవచ్చు. పిల్లిపెసర, అలసంద, జనుము, సజ్జ కలిపి చల్లుకోండి. జొన్న మాత్రం ఈ మేపుకు వద్దు. లేత జొన్నలో విషం ఉంటుంది, నాము తగిలి జీవాలు గంటలో పోతాయి. మొదటి రెండు వారాలు పైరు ఎదిగేలోగా నిల్వ ఉంచిన జొన్న చొప్ప, శనగ పొట్టు, కందిపొట్టు వేయాలి. మన ప్రాంతంలో వీటిని కళ్లంలోనే తగలబెట్టడం చూస్తే ప్రాణం ఉసూరుమంటుంది.

మరో జాగ్రత్త. చివరి కోత అయిన మిరప తోటల్లోకి మందను వదలడం మన దగ్గర వాడుక. ఏ మందు, ఎన్నాళ్ల కిందట కొట్టారో రైతు కాపరికి నోటితో చెప్పి తీరాలి. ఒక ఏడు ఒకే మందలో పదకొండు జీవాలు నా కళ్ల ముందే గిలగిలా కొట్టుకుని పోయాయి. రెండు రోజుల కిందట ఆ తోటలో మందు కొట్టారని కాపరికి ఎవరూ చెప్పలేదు.

కొండపల్లి బొమ్మ – ఫిబ్రవరి 10, ఉదయం 11:00

మా ఇంట్లో బొమ్మల పని చేస్తాం. మా కొండల్లో పెరిగే తెల్లపొణికి చెక్క లేకపోతే మా పొయ్యి వెలగదు. ఆ మొక్క చిన్నగా ఉన్నప్పుడు మేక నోట పడితే మళ్లీ లేవడం కష్టం. కాబట్టి కొండలన్నిటినీ ఒకే గాటన కట్టి మేతకు ఇవ్వాలని ఎవరూ అనుకోవద్దని మనవి. చెట్టు ఎదగవలసిన వాలు వేరు, గడ్డి నిలవవలసిన వాలు వేరు. ఆ తేడా మా పెద్దవాళ్లకు తెలుసు, కాపరులకూ తెలుసు. వారిద్దరినీ కూర్చోబెట్టి అడిగినవారు ఇంతవరకు లేరు.

మంగళగిరి మాస్టారు – ఫిబ్రవరి 10, సాయంత్రం 5:45

అమ్మాయి చెప్పింది నూటికి నూరుపాళ్లు నిజం. ఈ "అడగకపోవడం" ఎప్పుడు మొదలైందో చెబుతాను.

1882 మద్రాసు అటవీ చట్టం వచ్చేవరకు చాలాచోట్ల కొండ మేత ఊరి కట్టుబాటుతో నడిచేది. ఆ చట్టంతో చాలా అడవి ప్రభుత్వపు అదుపులోకి వెళ్లింది, అక్కడి మేతకు పుల్లరి అనే పన్ను కట్టవలసి వచ్చింది. పల్నాడులో ఆ పన్నును ఎదిరించి నిలిచిన మించాలపాడు రైతు కన్నెగంటి హనుమంతు 1922లో పోలీసు కాల్పులకు బలయ్యాడు. మనం ఆ కథను స్వాతంత్ర్య పోరాటంగా చెప్పుకుంటాం, సరైనదే. కానీ నా దృష్టిలో అందులో మరొక నష్టం కూడా ఉంది. రుసుము కట్టినవాడు ఎన్ని జీవాలనైనా ఎప్పుడైనా తోలవచ్చునన్న ఆలోచన పుల్లరితోనే వచ్చింది. ఎప్పుడు ఎక్కాలి, ఏ వాలు వదలాలి అనే ఊరి మాటకు విలువ పోయింది. హక్కు పోయినవాడికి కొండ మీద బాధ్యత కూడా పోవడం సహజం.

2006 అటవీ హక్కుల చట్టం మూడో సెక్షన్‌లో స్థిరంగా ఉండేవారికీ, రుతువులను బట్టి తిరిగే కాపరులకూ మేత హక్కును స్పష్టంగా గుర్తించారు. గిరిజనేతరులు మాత్రం 2005 డిసెంబరు 13కు ముందు మూడు తరాలపాటు, అంటే 75 ఏళ్లు, ఆ అడవి మీద ఆధారపడినట్లు చూపాలి. మన గొల్ల కాపరులకు రాతపూర్వక ఆధారం దొరకడం కష్టం. పాత పుల్లరి రసీదులు ఎవరి ఇంట్లోనైనా ట్రంకుపెట్టె అడుగున ఉంటే వాటిని పారేయకండి. అప్పుడు బరువనిపించిన ఆ కాగితమే ఇప్పుడు ఆధారం కావచ్చు.

విశ్రాంత అటవీ ఉద్యోగి – ఫిబ్రవరి 10, రాత్రి 7:20

మాస్టారు చెప్పిన చట్టం విషయంలో ఒక సలహా. రిజర్వు అడవిలో హక్కు తేలడానికి సమయం పడుతుంది, అనుమతి లేకుండా అక్కడ పొద నరకడం కూడా నేరమే అవుతుంది. కొండ పాదంలో మేత పోరంబోకుగా దస్త్రాల్లో ఉన్న నేలతో మొదలుపెట్టండి. అది పంచాయతీ చేతిలోని పని. ఊరి ఉమ్మడి భూముల ఆక్రమణలను తొలగించి పంచాయతీలకు అప్పగించాలని సుప్రీంకోర్టు 2011 జనవరిలో జగ్పాల్ సింగ్ కేసులో అన్ని రాష్ట్రాలనూ ఆదేశించింది. తహసీల్దారుకు అర్జీ రాసేటప్పుడు ఆ తీర్పును పేర్కొనండి.

తెనాలి తమ్ముడు – ఫిబ్రవరి 11, ఉదయం 8:00

పెద్దలు చెప్పినవన్నీ చదివాక నా మొదటి అభిప్రాయం మార్చుకుంటున్నాను. అయితే ఇప్పటికే కంప కమ్మేసిన చోట ఏం చేయాలి? నరికితే మళ్లీ రెండింతలు లేస్తుంది కదా?

వృక్షశాస్త్రం మేడమ్ – ఫిబ్రవరి 11, మధ్యాహ్నం 1:10

నరికితే తప్పకుండా లేస్తుంది. పులికంపను నేలకు కాస్త దిగువన, వేరూ కాండమూ కలిసే చోట తెగ్గొట్టి, పొదను తలకిందులుగా నిలబెట్టి ఎండనివ్వాలి. ఢిల్లీ విశ్వవిద్యాలయానికి చెందిన ఆచార్య సి.ఆర్. బాబు బృందం ఈ పద్ధతిని ప్రచారం చేసింది. అగ్గి పెట్టకూడదు, పెకలించిన చోటును ఖాళీగా ఉంచకూడదు. ఆ వానకే స్థానిక గడ్డి గింజ చల్లాలి, లేకపోతే నేలలో నిద్రపోతున్న కంప గింజలే ముందు లేస్తాయి. గడ్డి గింజ కొనవలసిన పని లేదు. కార్తీకంలో కొండ మీద మిగిలిన దుబ్బుల నుంచి కంకులు దూసి, గోనెసంచిలో ఆరబెట్టి దాచుకోండి.

సర్కారు తుమ్మది వేరే తీరు. మొదలు చుట్టూ జానెడు లోతుకు పైగా తవ్వి, మొద్దును తీసేయాలి. దాని గింజను మోసేది మందే. వేసవిలో రాలిన తియ్యటి కాయలను జీవాలు ఇష్టంగా తింటాయి, అరగని గింజలు పెంటికలతో బయటపడి ఎరువుతో సహా మొలుస్తాయి. కాయలు తిన్న మందను నేరుగా కొండకు తోలితే మనమే కొండ మీద తుమ్మ విత్తినట్లు అవుతుంది.

జీవాల డాక్టరు – ఫిబ్రవరి 11, రాత్రి 10:05

ఇందుకు కూడా ఆ ఆరు వారాలు పనికొస్తాయి మేడమ్. కాయలు తిన్న జీవాలు పొలంలోని దొడ్డిలో వారం పది రోజులు ఉంటే గింజలు అక్కడే పడిపోతాయి. మొలిచినా నాగలి చూసుకుంటుంది. పులికంప ఆకు కూడా జీవాలకు విషమే. ఆకలి మీదున్న జీవం తింటే పసికర్లు కమ్మి, ఎండ తగిలిన చోట చర్మం ఊడిపోతుంది. కడుపు నిండిన మంద దాని జోలికి పోదు.

అనంతపురం కోడలు (ప్రస్తుతం గుంటూరు) – ఫిబ్రవరి 12, ఉదయం 7:35

మా అత్తవారి వైపు, ఇప్పటి శ్రీ సత్యసాయి జిల్లాలో, 1990లో మొదలైన టింబక్టు కలెక్టివ్ తోడ్పాటుతో కొన్ని ఊళ్లు కలిసి కల్పవల్లి అనే పేరుతో వేల ఎకరాల బోడి గుట్టలను కాపాడుకున్నాయి. అగ్గి పడకుండా చూసుకోవడం, మేతకూ గడ్డి కోతకూ ఊళ్లమధ్య మాట అనుకోవడం, ఇంతే ప్రధానంగా చేసింది. గుంటూరు కంటే బాగా తక్కువ వాన పడే చోట గడ్డి తిరిగి వచ్చింది, తోడేళ్లు కూడా వచ్చాయి. తర్వాత గాలిమరల కోసం గుట్టల మీద రోడ్లు తవ్వినప్పుడు ఆ ఊళ్లు పడిన వేదన కూడా చూశాను. దస్త్రాల్లో "బంజరు" అని ఉంటే దానిని ఎవరికైనా సులువుగా ఇచ్చేస్తారు. మేడమ్‌గారు ఆ మాటను ఎందుకు పట్టుకున్నారో నాకు బాగా తెలుసు.

నల్లరేగడి రైతు – మార్చి 15, రాత్రి 8:40

నెల రోజులుగా జరిగినది చెప్పడానికి వచ్చాను. మొన్న రచ్చబండ దగ్గర ముగ్గురు కాపరులు, తొమ్మిదిమంది రైతులం కూర్చున్నాం. మొదట మాటలు పెరిగాయి. కొండకు రావద్దంటే జీవాలను అమ్ముకోమంటారా అని కాపరులు అడిగారు. మందకు పొలం ఇస్తే మాకు ఏం మిగులుతుందని రైతుల్లో ఒకాయన లేచాడు. అప్పుడు పెదనాన్న నా చేలోకి తీసుకువెళ్లి, కిందటి నెల మంద కట్టిన చోట పిడికెడు మట్టి తీసి ఆయన చేతిలో పెట్టాడు. తర్వాత పక్క చేలోని మట్టిని రెండో చేతిలో పెట్టాడు. ఆ రైతు రెండు చేతులనూ చాలాసేపు చూసుకుని, తన ఎకరం కూడా రాసుకోమన్నాడు.

కుదిరిన మాట ఇది. ఐదుగురం కలిసి ఏడెకరాల్లో మే నెలలో నవధాన్యాలు చల్లుతాం, గట్లకు కలుపు మందు కొట్టం, శనగ పొట్టూ జొన్న చొప్పా తగలబెట్టకుండా వాములు వేస్తాం. మందలు మృగశిర నుంచి పునర్వసు వెళ్లేదాకా మా చేలల్లోనే ఉంటాయి. రాత్రి దొడ్డికి కూలి ఇవ్వం, మేతకు డబ్బు అడగం. పోరంబోకును మూడు ముక్కలుగా అనుకుని, ఏటా ఒక ముక్కను కార్తీకంలో గింజ రాలేదాకా వదిలేస్తాం. ఎన్ని జీవాలు ఎక్కాలో స్విట్జర్లాండ్ బాబు చెప్పిన పద్ధతిలోనే తేల్చాం. వేసవిలో మా వాములు ఎన్నింటిని మేపగలవో, అన్నింటికే కొండ. ఆ లెక్కకు మూడు వందల ఇరవై తేలాయి. ఉన్నవి దాదాపు నాలుగు వందలు. ఆ ఎనభై జీవాల దగ్గర మాట ఆగింది. వాటిలో ముదురు పొట్టేళ్లను ఉగాదికి అమ్ముతామని కాపరులు అన్నారు, మిగిలిన వాటికి ఆరో రైతును వెతుకుతున్నాం.

తెనాలి తమ్ముడు – మార్చి 15, రాత్రి 9:25

అన్నగారూ, మా అమ్మానాన్నలది మాగాణి. వరిగడ్డి ఒక ట్రాక్టరు ఊరికే పంపగలను. తీసుకుంటారా?

నల్లరేగడి రైతు – మార్చి 15, రాత్రి 9:40

తప్పకుండా తీసుకుంటాం తమ్ముడూ. కిరాయి మేం పెట్టుకుంటాం.

నల్లరేగడి రైతు – జూలై 12, ఉదయం 6:30

మృగశిర వానలు ఆలస్యమయ్యాయి. నవధాన్యాల పైరు అనుకున్నంత ఎత్తు రాలేదు, రెండెకరాల్లో సరిగా మొలవలేదు. తెనాలి నుంచి వచ్చిన వరిగడ్డే పన్నెండు రోజులు మందను నిలబెట్టింది. డాక్టరుగారు మే నెలలోనే టీకాలు వేయించారు, చిటుక రోగంతో ఈ ఏడు ఒక్క జీవం కూడా పోలేదు. నడుమ ఒక రోజు ఒక కాపరి ఆగలేక ముప్పై జీవాలను కొండకు తోలాడు. పెదనాన్న ఎదురు వెళ్లి, ఏమీ అనకుండా వాటిని వెనక్కి మళ్లించుకుని వచ్చాడు.

నిన్న సాయంత్రం పోరంబోకు ఎక్కి చూశాను. మార్చిలో కంప పెకలించిన చోట గడ్డి పలచగా ఉంది, తుమ్మ మొలకలు కూడా కనిపించాయి, వాటిని పీకేశాను. పాత బాట పక్కన ఫిబ్రవరిలో నేను విడదీసి చూసిన దుబ్బును గుర్తుపట్టాను. పైన ఎండిన పొరలను అప్పుడే చేత్తో దులిపి వచ్చాను కనుక, ఇప్పుడు మొదట్లో పదికి పైగా పిలకలు జానెడు ఎత్తు లేచాయి.

పుష్యమి కార్తె ప్రవేశించిన మర్నాడు మంద మొదటిసారి కొండ ఎక్కుతుంది. మేడమ్‌గారూ, ఆ రోజు మీరు రాగలిగితే ఏ ముక్కలో ఎన్ని రోజులు ఉంచాలో గడ్డిని చూసి మీరే చెప్పాలి. రాదలచినవారు ఏడు గంటలకల్లా చెరువు కట్ట దగ్గరికి చేరండి. ఎండెక్కితే జీవాలు నీడకు పోతాయి.

వృక్షశాస్త్రం మేడమ్ – జూలై 12, ఉదయం 7:15

వస్తున్నాను. తుమ్మ మొలకలు పీకిన చోట గుర్తుగా రాయి పెట్టి ఉంచండి, అక్కడ మళ్లీ చూడాలి.